మొదటి గుత్తి

"ఇన్నేళ్ళూ తొక్కతోటే తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు," అంది పెద్దకోడలు మళ్ళీ.

పొద్దుటి టీ గ్లాసులు కడగకముందే మొదలైన గొడవ అది. చలికాలానికి సీసాల్లో పట్టి ఉంచుకునే టొమాటో గుజ్జుకి పండ్లని తొక్కతో ఉడకెయ్యాలా, తొక్క తీసి ఉడకెయ్యాలా? ఏటా ఎండలు ముదిరాక ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ ఈ పని మీదే ఉంటారు. ఏటా పెద్దకోడలే పెద్ద గిన్నె పొయ్యి మీదికెక్కిస్తుంది, తొక్కలతో సహా. ఇప్పటిదాకా తొక్కల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

చిన్నకోడలు వాదించలేదు. మరుగుతున్న నీళ్ళలో ఒక పండు ముంచి తీసి, చన్నీళ్ళలో వేసి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. చొక్కా విప్పినట్టు తొక్క ఊడి చేతికొచ్చింది.

"చూడండక్కా, ఎంత సులువో."

చూడండి అట. తోడికోడలిని ఈ పిల్ల మీరంటుంది. అత్తగారినేమో "అత్తయ్యా, నువ్వు ఇలా నీడలో కూర్చో" అంటుంది. పెద్దకోడలు ఈ ఇంటికొచ్చి పదిహేనేళ్ళయినా "అత్తయ్యగారూ, మీరు" దగ్గరే ఆగిపోయింది. చిన్నది వచ్చి ఏడాదిన్నర. వాకిట్లో చెప్పులు విప్పినంత తేలిగ్గా ఆ "గారు"ని విప్పి పక్కన పెట్టి లోపలికి వచ్చేసింది.

ఇద్దరూ అత్తగారి వైపు చూశారు. ఆవిడ పెరటి గుమ్మం దగ్గర, మోకాళ్ళకి వేణ్ణీళ్ళ సంచీ ఆనించుకుని, ఎత్తు తక్కువ పీట మీద కూర్చుని ఉంది. తొక్క తీసిన పండు అందుకుని, నాలుగు ముక్కలు చేసి, ఉప్పు చల్లుకుని, ఒక ముక్క నోట్లో వేసుకుంది. తీర్పు కోసం కోర్టులో నిలబడ్డట్టు నిలబడ్డారు కోడళ్ళు.

"ఇదే బావుంది. తొక్కలు పళ్ళ సందుల్లో ఇరుక్కుని చంపుతాయి నన్ను," అంది ఆవిడ.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా, పెద్దమ్మాయీ."

అందులో దెప్పు ఏమీ లేదు. ఉన్నమాట అన్నట్టే అంది. అదే పెద్దకోడలికి మరీ గుచ్చుకుంది. దెప్పితే తిరిగి ఒక మాట అనొచ్చు. ఉన్నమాటని ఏమంటాం?

బస్సు డ్రైవరైన పెద్దకొడుక్కి ఆవేళ సెలవు. సీసాల మూతలు ఎండలో ఆరబెడుతూ, కిటికీలోంచి తల దూర్చి భార్యని చూశాడు. ఆవిడది రెడీమేడ్ చొక్కాల కర్మాగారంలో తప్పులు పట్టే ఉద్యోగం. వంకర కుట్టు, జారిన బొత్తం, పోగు లేచిన కాలరు, ఏదీ ఆవిడ కన్ను దాటిపోదు. "ఏమోయ్, ఆదివారం కూడా డ్యూటీయేనా? టొమాటోల్ని కూడా వెనక్కి పంపించేస్తావా?" అన్నాడు. చిన్నకోడలు పకపకా నవ్వింది. అత్తగారు కూడా నవ్వింది.

అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అన్నారా? పెద్దకోడలు బుట్ట చంకన పెట్టుకుని పెరట్లోకి నడిచింది.

*

పెరట్లో ఎండ అప్పుడే మట్టిని పట్టుకుంది. బీన్సు తీగలు పందిరి చివరిదాకా పాకి, ఇక వెళ్ళడానికి చోటు లేక గాలిలో వేళ్ళాడుతున్నాయి. గుమ్మడి పాదు గోడవారన తన మానాన తను పడి ఉంది. మధ్యలో ఊతకర్రలకి కట్టిన టొమాటో మొక్కలు వరసగా, ఒక్కొక్కటీ నడుమెత్తు.

ఈ ఇంటి టొమాటో బజారులో దొరకదు. వెడల్పుగా, నిలువునా ముడతలు పడి, పైన కొంచెం పచ్చదనం ఎప్పటికీ పోకుండా ఉంటుంది. అత్తగారు పెళ్ళయి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి జేబురుమాలు మూలన కట్టి తెచ్చుకున్న విత్తనం. అప్పటి నుంచి ఏ ఏటి పండులోంచి ఆ ఏటి విత్తనం తీసి, మళ్ళీ నాటుతూ వచ్చింది. పాత గింజ మొలవదని ఆవిడ నమ్మకం. అందుకే ప్రతి ఏడూ ఉన్నదంతా నాటేస్తుంది. డబ్బాలో ఒక్క గింజ మిగల్చదు.

ఇంటికి ఒక కట్టడి ఉంది. మొక్కకి మొదట వేసిన గుత్తిలో మంచి పండు చూసి, దాని తొడిమకి గుడ్డపీలిక కడతారు. అది విత్తనపు పండు. చెట్టునే పండి, మెత్తబడి, ఇహ రాలుతుందనేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. కూరకి ఏమీ లేకపోయినా సరే, పీలిక కట్టిన పండు జోలికి పోరు. పక్షి పొడిస్తే అత్తగారికి ఆ పూట అన్నం సయించదు.

పదిహేనేళ్ళుగా పాత దుప్పటి చింపి పీలికలు చేసి ఇచ్చింది పెద్దకోడలే. ఏ పండుకి కట్టాలో చూసేది మాత్రం అత్తగారు. మొక్కల మధ్య వంగి, పండుని కింద నుంచి అరచేత్తో తూచి, వదిలేసి, ఇంకోదాని దగ్గరికి వెళ్ళేది. పెద్దకోడలు పీలికలు పట్టుకుని వెనకే నిలబడేది. మోకాళ్ళు పూర్తిగా మొరాయించిన రోజున ఆ చూపు తన వంతుకి వస్తుందని మనసులో ఒక లెక్క. ఎవరూ అనలేదు. అనక్కరలేదనుకుంది.

ఈ వేసవిలో మోకాళ్ళు మొరాయించాయి. అత్తగారు గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, "ఏ పండు ఉంచాలో నువ్వే చూడు," అంది. చిన్నకోడలితో.

ఆ మాట విన్నప్పుడు పెద్దకోడలు బట్టలు ఆరేస్తోంది. చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది.

"మొత్తానికి తోట చేతులు మారినట్టుందే," అంది ఇప్పుడు గోడ మీంచి ఒక గొంతు. పక్కింటి టైలరమ్మ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడే అలవాటు వల్ల ఆవిడ ఏం చెప్పినా రహస్యంలా ఉంటుంది. చిన్నకోడలు రోజూ పొద్దున్నే మొక్కల మధ్య అత్తగారి మాటలకి తల ఊపుతూ తిరగడం కుట్టు మిషను దగ్గర్నించి చూస్తున్నానని చెప్పింది. "నువ్వు నీళ్ళు పోసి పెంచావు, పండు ఇంకొకరి చేతికి. లోకం తీరే అంత, ఏం చేస్తాం," అని, గుండుసూది తీసి కాలరుకి గుచ్చుకుని, లోపలికి వెళ్ళిపోయింది. నిప్పుపుల్ల గీసి పడేసి వెళ్ళినట్టు.

పెద్దకోడలు పండ్లు కోయడం మొదలుపెట్టింది. వెనక వరసల్లోవి, పీలిక లేనివి. వంటింట్లోంచి నవ్వులు వినబడుతున్నాయి. ఇద్దరూ ఏదో చెప్పుకుంటున్నారు. అత్తగారు అలా నవ్వడం తను ఎప్పుడైనా విందా? కళ్ళు తుడుచుకునేంత నవ్వు. ఏం చెబితే అలా నవ్వుతుంది ఈవిడ? ఆ మాటలు తనకి ఎందుకు రావు?

బుట్ట సగం నిండింది. ముందు వరసలో పీలికలు కట్టిన పండ్లు కనబడ్డాయి. ఎర్రగా, బరువుగా, కర్రల పక్కన ఒదిగి ఉన్నాయి. మంచివే ఎంచింది. తప్పులు పట్టే కన్నుకి కూడా ఏ వంకా దొరకలేదు. ఒక్క మచ్చ ఉన్నా, ఒక్క పగులు ఉన్నా, మనసు కొంచెం చల్లబడేదేమో.

మొదటి ముడి విప్పేటప్పుడు, వదులైందేమో చూద్దామనే అనుకుంది. చొక్కాల దగ్గర ఎన్ని ముడులు విప్పిన గోళ్ళు! గుడ్డ నలగకుండా పీలిక ఊడి వచ్చింది. పీలిక లేని పండు అన్ని పండ్లలాగే ఉంది. కత్తెర పెట్టింది. తర్వాత రెండోది. ఆ తర్వాత చెయ్యి తనంతట తనే వెళ్ళింది. వరస చివరికి వచ్చేసరికి ఒక్క విత్తనపు పండు లేదు. పీలికలన్నీ ఉండచుట్టి పాదు మట్టిలోకి కాలి మడమతో తొక్కేసింది.

బుట్ట మళ్ళీ చంకకెత్తుకుంది. భయమో, సంతోషమో తనకే తెలియలేదు.

*

బుట్ట తెచ్చి అత్తగారి పక్కన పెట్టింది. పైన మామూలు పండ్లు సర్ది ఉన్నాయి. చిన్నకోడలు పొయ్యి దగ్గర, అత్తగారు బుట్ట దగ్గర. ఆవిడ ఒక్కో పండు తొడిమ తీసి అందిస్తుంటే, ఈ పిల్ల నీళ్ళలో వేసి తీస్తోంది. వెల్లుల్లి ఒలిచే నెపంతో పెద్దకోడలు గట్టుకి ఆనుకుని నిలబడింది.

పండ్లు బుట్ట అడుక్కి వచ్చాయి. అత్తగారి చేతికి పెద్ద పండు ఒకటి వచ్చింది. ఆవిడ దాన్ని కింద నుంచి అరచేత్తో తూచింది. తొడిమ పట్టి తిప్పి చూసింది. తొడిమకి చుట్టూ, వారాల పాటు పీలిక కట్టి ఉన్న చోట, సన్నగా తెల్లటి గీత.

ఆవిడ తల ఎత్తలేదు. తొడిమ తుంచి, పండు అందించింది.

"అబ్బ, ఎంతుందో," అంది చిన్నకోడలు, వెనక్కి చూడకుండానే నీళ్ళలో వేస్తూ.

అత్తగారు రెండోది తీసింది. మూడోది తీసింది. అన్నిటికీ తొడిమలు తుంచి, అన్నీ అందించింది. పెద్దకోడలు ఒకే వెల్లుల్లి రెబ్బని ఎంతసేపు ఒలిచిందో, పొట్టు పోయి రెబ్బ పోయి వేళ్ళు మిగిలాయి. ఇప్పుడు అరిస్తే బావుణ్ణు అనిపించింది. "ఎందుకు కోశావే" అని ఒక్క మాట అంటే, పొరపాటున కోశానని ఒక్క అబద్ధం ఆడి ఊపిరి పీల్చుకునేది. అడగని దానికి జవాబు ఎలా చెప్పడం?

గిన్నెలో గుజ్జు కుతకుతలాడింది. ఇల్లంతా కమ్మటి వాసన. బస్సు డ్రైవరు గరిటెడు తీసుకుని ఊదుకుంటూ తాగి, ఇన్నేళ్ళలో ఇంత రుచి ఎప్పుడూ రాలేదన్నాడు. తొక్క తీయడం మహిమ అని తమ్ముడి భార్యని మెచ్చుకున్నాడు. చిన్నకోడలు సిగ్గుపడి, పండ్ల మహిమ బావగారూ, అంది.

"అవును. మంచి పండ్లు పడ్డాయి ఈసారి," అంది అత్తగారు.

*

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్న వేళ. పెద్దకోడలు పీలికలు ఇంకా లోతుగా పూడ్చాలని పెరట్లోకి వచ్చేసరికి, చిన్నకోడలు అప్పటికే అక్కడుంది. ముందు వరసలో మొక్కల మధ్య చతికిలబడి, ఆకులు పక్కకి తీస్తూ వెతుకుతోంది. ముఖం కందిపోయి ఉంది.

"అక్కా, విత్తనపు పండ్లు లేవు. ఒక్కటీ లేదు."

"లేకపోవడమేంటి?"

"పీలికలు సరిగ్గా కట్టలేదేమో నేను. ఊడిపోయి ఉంటాయి. మీకు తెలీక కోసేసి ఉంటారు. నాదే తప్పు. నాకు చేతకాని పని నెత్తినేసుకున్నాను."

పెద్దకోడలి నోటికి సిద్ధంగా ఉన్న అబద్ధం పని లేకుండా పోయింది. దాన్ని ఈ పిల్లే తయారుచేసి, చేతికి అందించింది. తీసుకోవడమే తరువాయి. తీసుకుంది కూడా. "నాకేం పీలికలు కనబడలేదు," అంది.

చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంది. చేతి మట్టి బుగ్గకి అంటింది. ఆ తర్వాత చెప్పకూడని మాట చెబుతున్నట్టు గొంతు తగ్గించింది. తన భర్త, అదే కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే చిన్నవాడికి, ఇంకో ఊళ్ళో పెద్ద ఆస్పత్రిలో పని దొరికిందట. నెలాఖరుకి వెళ్ళిపోవాలి. అద్దెకి చూసిన ఇంటి వెనక కాస్త ఖాళీ నేల ఉందట. అక్కడ నాటుకోవడానికే విత్తనం. పండు ఎంచడం, గింజ తీయడం నేర్చుకోమని అత్తయ్య పట్టుబట్టింది. ముందే చెబితే ఇల్లంతా దిగులు పడుతుందని, గుజ్జు పట్టే రోజు సాయంత్రం అందరూ ఒకచోట ఉన్నప్పుడు తనే చెబుతానంది.

"ఇక్కడి తోట సంగతేంటని ఒకసారి అడిగాను అత్తయ్యని. ఇక్కడ పెద్దది ఉందిగా, దానికి నేర్పేదేముంది, పదిహేనేళ్ళుగా నా వెనకే నిలబడి చూస్తోంది, అంది."

ఆ మాట పెద్దకోడలి చెవిలో పడింది. కాసేపటికి గానీ లోపలికి దిగలేదు.

మొదట పొంగింది సంతోషం. సిగ్గులేని సంతోషం. వెళ్ళిపోతోంది ఈ పిల్ల. ఆ వెనకే పొద్దుటి చెయ్యి, కత్తెర, ఒక్కొక్క ముడీ కళ్ళ ముందుకొచ్చి నిలబడ్డాయి. తనది కానిదాన్ని లాక్కుంటున్నారని పాడు చేసింది. తీరా చూస్తే లాక్కున్నదెవరు? పాడైంది ఎవరిది?

"వెనక వేసిన గుత్తులు పండుతాయిగా," అంది, నోటికి ఏదో ఒక మాట కావాలి గనక.

"అవి పండేసరికి మేముండం కదా అక్కా."

చెప్పేద్దామనుకుంది. మట్టిలోంచి పీలికలు తవ్వి చేతిలో పెడితే సరిపోతుంది, మాటలు కూడా అక్కర్లేదు. గోడ అవతల టైలరమ్మ మిషను టకటక ఆగింది. వినడానికే ఆగినట్టుంది. పెద్దకోడలు నోరు కట్టేసుకుంది. రాత్రి భోజనాలు కాకముందే అత్తగారితో ఒంటరిగా చెబుతానని తనకి తను మాట ఇచ్చుకుంది. చిన్నదాన్ని లేవదీసి, బుగ్గ మీది మట్టి తన చేత్తోనే తుడిచింది. ఏడాదిన్నరలో ఆ పిల్లని ముట్టుకోవడం అదే మొదలు.

*

ఒంటరి సమయం దొరకలేదు. దొరకనివ్వలేదు అత్తగారు. పెద్దకోడలు గదిలోకి వెళ్తే, నిద్ర వస్తోందని గోడ వైపు తిరిగింది. టీ పట్టుకెళ్తే, చిన్నకొడుకుని పిలిచి మోకాళ్ళకి మందు రాయించుకుంది. సీసాలు నింపేటప్పుడు పక్కన చేరి "అత్తయ్యగారూ," అని మొదలుపెడితే, "మూత గట్టిగా బిగించు, గాలి పోతే మొత్తం పాడవుతుంది," అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బావుండేది, దారి తెలిసేది.

పొద్దు వాలుతుండగా అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. వేడి రొట్టెలు, ఉడికించిన బీన్సు, గిన్నె అడుగున మిగిలిన గుజ్జు. సీసాలన్నీ గట్టు మీద వరసగా ఎర్రగా మెరుస్తున్నాయి. బస్సు డ్రైవరు తన రూటులో ఎక్కే ఒక ముసలాయన కథ ఏదో చెబుతున్నాడు. రోజూ ఎక్కుతాడట, ఎక్కడ దిగాలో అడిగితే, బస్సు ఎక్కడ ఆగితే అక్కడే అంటాడట. చిన్నవాడు నవ్వాడు. మిగతా వాళ్ళెవరూ నవ్వలేదని చూసి మధ్యలో ఆపేశాడు.

అత్తగారు రొట్టె ముక్క తుంచి గుజ్జులో అద్దుకుంది. తిన్నాక చెప్పింది, మామూలుగా, రేపు బట్టలు నానబెట్టాలి అన్నట్టు. చిన్నవాడికి వేరే ఊళ్ళో పని దొరికిందని, నెలాఖరుకి వెళ్తున్నారని.

బస్సు డ్రైవరు తమ్ముడి వీపు తట్టి, ఇంత మాట దాస్తావురా, అని చెవి మెలేశాడు. ఇల్లెక్కడ, అద్దె మాటేమిటి, బస్సులు ఉన్నాయా అని ఆరాలు మొదలుపెట్టాడు. పెద్దకోడలు కంచంలోకి చూస్తూ కూర్చుంది. తెలియని వార్త విన్నట్టు ముఖం పెట్టడం చేతకాలేదు.

"ఇంకొకటుంది," అంది అత్తగారు.

ఆరాలు ఆగాయి.

"వీళ్ళతో విత్తనం పంపిద్దామనుకున్నాను. అక్కడ పెరట్లో అది కాస్తుంటే నేనున్నట్టే ఉంటుంది, నేనిక్కడ నిశ్చింతగా ఉండొచ్చనుకున్నాను. ఈ ఏడు విత్తనం లేకుండా పోయింది."

చిన్నకోడలు తలొంచుకుంది. తన వల్లే అత్తయ్యా, అనబోతే అత్తగారు చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. వెనక గుత్తుల విత్తనం తీసి పోస్టులో పంపిస్తే పోలా, అన్నాడు చిన్నవాడు. ఈమాత్రం దానికి ఇంత బెంగా అని తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"వెనక గుత్తి విత్తనం నేనెప్పుడూ దాచలేదురా. దాచి చూడాల్సింది ఇక్కడ ఉండేవాళ్ళు. కొత్త చోటికి, ఏమీ తెలియని పిల్లని, ఉత్త చేతుల్తో పంపడం నాకు ఇష్టం లేదు." ఆవిడ మంచినీళ్ళ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది. "అందుకని నేనే వెళ్తున్నాను వాళ్ళతో. అక్కడే ఉంటాను."

చిన్నకోడలి ముఖంలో ముందు బిత్తరపాటు, దాని వెనకే ఆపుకోలేని వెలుగు. పెద్దకోడలు ఆ వెలుగు చూసింది. మరిచిపోయాననుకున్న పొద్దుటి మంట మళ్ళీ లేచింది. ఈసారి దాన్ని వెళ్ళగక్కడానికి మనిషే దొరకలేదు, తను తప్ప.

"అక్కడే ఉండటమేంటమ్మా?" అన్నాడు బస్సు డ్రైవరు. అతని గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "మరి మేమో?"

అత్తగారు అప్పుడు తలెత్తింది. పొద్దున బుట్టలో చెయ్యి పెట్టినప్పటి నుంచి మొదటిసారి, పెద్దకోడలి కళ్ళలోకి సూటిగా చూసింది.

"మీకు తోట ఉందిగా," అంది. "ఏ పండు ఉంచాలో ఇక పెద్దమ్మాయే చూసుకుంటుంది."